రెండుసార్లు పోలే

మచామే గేటు దగ్గర, వానలో,
తూకం కొక్కేనికి నా సంచి వేలాడింది.
ఇరవై రెండున్నర.
ఐకాండే ముల్లు వైపు చూసింది, నా మొహం వైపు చూళ్లేదు.
"రెండున్నర కిలోలు తియ్యండి.
ఏం తీస్తారో మీ ఇష్టం. మోసే మెడ మీది కాదు."

వెనక పెద్ద వరస.
అందరి ముందూ బురదలో గొంతుక్కూచుని విప్పాను:
జుట్టు ఆరబెట్టుకునే మిషను,
రెండో జత బూట్లు,
శిఖరం మీద ఫొటోకని తెచ్చుకున్న ఉప్పాడ చీర.
కొండ మీద ప్లగ్గు ఎక్కడుందో చెప్తే నేనూ చూస్తానంది.
నవ్వలేదు. చీరకి కూడా రసీదు రాసిచ్చింది.

మిగిలిన ఇరవై కిలోలూ
ఒక పందొమ్మిదేళ్ల పిల్ల నెత్తికెక్కాయి.
పేరు విట్‌నెస్. సాక్షి.
ఆ దేశంలో ఆడపిల్లలకి అలాంటి పేర్లు పెడతారు.
"సాక్ష్యం అడగడం మాత్రం ఈమధ్యే మొదలెట్టాం," అంది ఐకాండే.

షీరా మైదానంలో రాత్రి, బంగాళాదుంపలు చెక్కుతూ
తన కథ చెప్పింది, వేరెవరిదో చెప్పినట్టు.
పద్దెనిమిదేళ్ల కిందట, ముప్పై ఒక్క కిలోలు.
నలభై మంది మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఒకే గుడారం.
గ్యాస్ సిలిండరుకి వీపు ఆనించి
ఇదే చాకు గుప్పిట్లో పెట్టుకుని కూచునే నిద్ర.
నెలసరి రోజుల్లో రాయి చాటు వెతుక్కోవాలి,
పైకి పోయేకొద్దీ రాళ్లు చిన్నవవుతాయి.
టిప్పు కావాలంటే నా గుడారంలోకొచ్చి తీసుకో అన్నాడు పెద్ద గైడు.
దిగొచ్చి ఊరంతా వినేలా చెప్పింది.

వాళ్ల చగ్గా ఊళ్లలో మసాలే అని ఒక ఆకుంది.
ముడేసి గుమ్మం ముందు పెడితే
తప్పు క్షమించాలి, కాదనకూడదు.
వాడి తరఫువాళ్లు ఆకూ తెచ్చారు, ఒక మేకా తెచ్చారు.
మేనమామలు అందుకున్నారు.
"అవి మామయ్యల చేతులు," అంది, దుంప నీళ్లలో పడేస్తూ.
"నావి వెనక్కి కట్టుకుని నించున్నా."

కాఫీ సొసైటీ పారేసిన కొక్కెం ఆ ఏడే దొరికింది,
అమ్మ గింజల్ని ఏళ్ల తరబడి తక్కువ తూచిన కొక్కెమే.
బాగుచేయించి గేటు ముందు నించుంది.
మొదటివారం నవ్వారు. రెండోవారం విరగ్గొట్టారు.
మళ్లీ చేయించింది.
ఇప్పుడు పదకొండు మంది ఆడవాళ్లు,
లోపల్నించి తాళం పడే గుడారం ఒకటి,
ప్రతి టిప్పూ పైకి చదివి సంతకం పెట్టించే పుస్తకం ఒకటి.
ఆ గైడా? ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. వేరే కంపెనీ.

బరాంకో గోడ మీద విట్‌నెస్ నన్ను దాటుతుంటే
నేర్చుకున్న ఒకే ఒక్క మాట అన్నాను: పోలే.
స్వాహిలీలో ఒకసారంటే, అయ్యో, ఏమనుకోకు.
రెండుసార్లంటే, మెల్లగా, మెల్లగా.
నా తెలుగు చెవికి మాత్రం
పోలే అంటే పోలేదనే.
బరువు పోలే. ఆకు ముడి పోలే.
రెండో పోలే ఆ పిల్లే అంది,
ముందు నీ కాళ్లు చూసుకో అన్నట్టు.

శిఖరం నాకు దక్కలేదు.
బరాఫు క్యాంపులో తలనొప్పి, వాంతులు, చెప్పుకోడానికేం లేదు.

దిగాక మళ్లీ తూకం. పద్దెనిమిదిన్నర.
పైన ఏం పారేశారని అడిగింది.
బిస్కెట్లు తిన్నానన్నాను.
కవర్లు చూపించమంది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

తర్వాత పుస్తకం తెరిచారు.
నేను చెప్పిన మొత్తం ఐకాండే పైకి చదివింది.
విట్‌నెస్ నోట్లు లెక్కపెట్టింది.
మళ్లీ లెక్కపెట్టింది. పెన్ను ముట్టలేదు.
"పదివేల షిల్లింగులు తక్కువ," అంది
గేటు దగ్గర అందరూ వింటుండగా.
పోలే అని ముందు అనలేదు, తర్వాతా అనలేదు.

నా కోటు జేబు అడుగున, తడిసి గుడ్డకి అంటుకుని ఉంది ఆ నోటు.
ఊడదీసి ఇచ్చాను.

అప్పుడు సంతకం పెట్టింది,
పూర్తి పేరు.